వీరవేణి కరెంటు వైద్యం

తమ్ముడి పెళ్ళినాడు తెల్లారగట్ల ముఖం కడుక్కుంటూ ఉంటే వీరవేణి వేలికి ముక్కు ఎడమ పక్కన గింజలాంటిదేదో తగిలింది. నొక్కి చూసింది. నొప్పి లేదు, దురద లేదు. ఇంటినిండా చుట్టాలు, పెరట్లో గాడిపొయ్యి మీద వంటలు. ఆ హడావుడిలో పడి దాని సంగతే మరిచిపోయింది. అది అరవై ఎనిమిదో సంవత్సరం. అప్పటికామెకు ముప్ఫై ఆరేళ్ళు.

పెళ్ళయిన ఐదో ఏట భర్త విషజ్వరంతో పోతే, పిల్లాజెల్లా లేని వీరవేణి ఆత్రేయపురంలోని పుట్టింటికి వచ్చేసింది. తమ్ముడు బుల్లబ్బాయి కొబ్బరితోటల్లో కాయ దింపించి లారీలకెత్తించే పని చూసేవాడు. ఆమె మాత్రం వాడి సంపాదన మీద ఒక్కనాడూ ఆధారపడలేదు. పూతరేకులు తీసేది. కుండ బోర్లించి, కింద ఎండుకొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేచివచ్చేది. ఊళ్ళో రేకు తీసే ఆడవాళ్ళు చాలామందే ఉన్నా, పెళ్ళిళ్ళవాళ్ళు వీరవేణి ఇల్లు అడుగుతూ వచ్చేవారు.

రెండేళ్ళకు ఆ గింజ మీద చెక్కు కట్టింది. గోరు తగిలి చెక్కు ఊడితే రక్తం వచ్చింది. మళ్ళీ ఆరింది. "మంట సెగ కొట్టింది వదినా, అంతే," అంది మరదలు సూరమ్మ. వీరవేణీ అదే అనుకుంది. ఊళ్ళో మందులిచ్చే ధర్మరాజుగారు పసుపురంగు పూతమందు ఇచ్చారు. అది రాస్తే నెల్లాళ్ళు మానినట్టే ఉండేది, తర్వాత ఇంకాస్త వెడల్పుగా పైకి తేలేది. ఎవరో ఆకుపసరు అన్నారు, ఎవరో చుట్టబూడిద అన్నారు. అన్నీ పెట్టింది. నొప్పంటూ ఉంటే ఏ ఆసుపత్రికో పరుగెత్తేదే. నొప్పి లేదు కాబట్టి పదేళ్ళు గడిచిపోయాయి.

ఆ పదేళ్ళలో గింజ రూపాయి బిళ్ళంత అయింది, ఆపైన అరచెయ్యంత అయింది. ముక్కుపుటం అంచు కరిగిపోయింది. చెంప మీద పచ్చి పుండు. కింది కనురెప్పను అది లాగేస్తూ ఉంటే ఎడమ కన్ను ఎప్పుడూ సగం తడిగా, ఎర్రగా ఉండేది. వీరవేణి గోడకున్న అద్దం తీయించి సూరమ్మ గదిలో పెట్టించింది. పమిట కొంగు తల మీదుగా ఎడమ చెంపకు లాక్కుని, పళ్ళ మధ్య కొస పట్టుకుని మాట్లాడటం అలవాటు చేసుకుంది.

ఊరు ఊరుకుంటుందా? పెద్దరోగం అన్నారు. ఎదురుగా అనేవాళ్ళు కారు. నూతి దగ్గర ఆమె చేద దింపితే మిగతావాళ్ళు బిందెలు పక్కకు జరుపుకునేవారు. అచ్చయమ్మగారని పెద్ద కమతం గలావిడ, మొదట్నుంచీ వీరవేణి చేతి రేకులే కావాలనే మనిషి. డెబ్బై ఎనిమిది మాఘమాసంలో మనవరాలి పెళ్ళికి రేకులు పురమాయించింది. రెండు వెదురుబుట్టల నిండా సర్ది, తడి తగలకుండా గుడ్డ కప్పి బుల్లబ్బాయి స్వయంగా మోసుకెళ్ళాడు. గంటకల్లా ఆ బుట్టలతోనే తిరిగొచ్చాడు.

"ఏంరా, ఇంట్లో లేరా?" అంది వీరవేణి.

"ఉన్నారు. మగపెళ్ళివారు అడిగేరంట, ఎవరు తీసేరని. ఆవిడ నా మొహమైనా చూడకుండా వద్దులే అబ్బాయి, పట్టుకుపో అంది." బుట్టలు కింద పెట్టకుండానే గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు. "ఈటిని తీసికెళ్ళి ఆళ్ళ గుమ్మంలో పారబోసొస్తానక్కా."

"ఆళ్ళ తప్పేముందిరా. నా మొహం తలుచుకుంటే నాకే అన్నం దిగట్లేదు."

ఆ మర్నాటి నుంచి ఆమె కుండ ముందు కూర్చోలేదు. రేకులు సూరమ్మే తీసేది. వీరవేణి పెరట్లో పాక చివర బియ్యం కడగటం, ఆకు ఎండబెట్టటం, అవీ ఎవరూ చూడకుండా. కంచం, చెంబు తనే వేరు పెట్టుకుంది. సూరమ్మ ఏడ్చి గోలచేసినా వినలేదు.

ఏడాది తిరిగాక సంక్రాంతి వెళ్ళిన పది రోజులకు ఇంటింటికీ కుష్ఠు సర్వేవాళ్ళు వచ్చారు. ఆ కబురు వినగానే వీరవేణి పెరటి దొడ్డి దాటి అరటితోటలోకి పోయి కూర్చుంది. పేరు రాసుకున్నారంటే ఎక్కడో ఆశ్రమానికి పట్టుకుపోతారని ఆమె భయం. వచ్చినావిడ సువార్తమ్మ, రాజోలు మనిషి. మిషను ఆసుపత్రిలో పాతికేళ్ళు నర్సు చేసి, ఇప్పుడు ఊళ్ళు తిరుగుతోంది. ఇంట్లో ఎంతమంది అని అడిగితే సూరమ్మ తడబడింది. కంచాలు లెక్క చూసిందో, సూరమ్మ చూపు పెరటివైపు పోవటం కనిపెట్టిందో, సువార్తమ్మ చెప్పులు విప్పి తిన్నగా అరటితోటలోకే నడిచింది.

"భయపడకండమ్మా. నేను పట్టుకుపోడానికి రాలేదు. ఒక్కసారి కళ్ళు మూసుకోండి."

వీరవేణి కొంగు వదల్లేదు. సువార్తమ్మే మెల్లిగా ఆ కొంగు తీసింది. సంచీలోంచి కోడీక తీసి చేతుల మీద, పాదాల మీద, నుదుటి మీద, పుండు అంచున ఒక్కొక్కచోటే తాకించింది. "తగిలినప్పుడల్లా ఆయ్ అనండి."

"ఆయ్." "ఆయ్." "ఆయ్."

ఒక్కటీ తప్పలేదు. సువార్తమ్మ ఈక సంచీలో పెట్టుకుంది. "మీకు కుష్ఠు లేదండీ. ఎవరన్నారు మీకది ఉందని?"

వీరవేణి అరటిబోదెకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వేరుపెట్టిన కంచం, జరిపిన బిందెలు, తిరిగొచ్చిన బుట్టలు, ఏ పాపమూ లేకుండా పడ్డ అవమానమంతా ఒక్కసారే పొంగుకొచ్చింది. ఏడుపు ఆగాక అడిగింది. "మరైతే ఇదేంటండీ?"

"నాకు అనుమానం ఉంది కానీ నేను చెప్పకూడదు. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు కాకినాడలో. వాయిదా వెయ్యకండి. ఇప్పటికే బాగా ఆలస్యం చేసేరు."

రావులపాలెం వచ్చి కాకినాడ బస్సెక్కారు అక్కాతమ్ముళ్ళు. ముక్క తీశారు, పది రోజులకు రమ్మన్నారు. రెండోసారి వెళ్తే అక్కడి సర్జన్‌గారు బుల్లబ్బాయిని ఒక్కణ్ణే లోపలికి పిలవబోయారు. వీరవేణి ఒప్పుకోలేదు. "పుండు నాదండీ. నాకే చెప్పండి."

ఆయన దాచలేదు. చర్మానికి వచ్చిన కేన్సరన్నారు. మొదట్లో వచ్చుంటే అరగంట పని, ఇప్పుడు కోసి తియ్యాలంటే ఎడమ కన్ను, సగం ముక్కు, చెంప ఎముకలో కొంత పోతాయన్నారు. తొడ మీది చర్మం తెచ్చి అతకాలి. అదీ ఒకటి రెండు ఆపరేషన్లతో తేలేది కాదు.

"ఉన్న కాస్త మొహం కూడా తీసేశాక నేను బతికి ఎవరికి చూపించుకోవాలండీ? ఇలాగే పోనివ్వండి నన్ను," అంది వీరవేణి లేచి.

"కూర్చోండమ్మా, నేను చెప్పటం ఇంకా అయిపోలేదు. విశాఖపట్నంలో కరెంటు పెడతారు. కత్తి ముట్టుకోరు. ఇంత పెద్దదానికి పనిచేస్తుందో లేదో వాళ్ళు చూసి చెప్పాలి. చీటీ రాసిస్తాను, వెళ్ళండి."

కరెంటనగానే బుల్లబ్బాయి హడలిపోయాడు. ముందేడే మోటారు షెడ్లో తీగ పట్టుకుని తోటమాలి ఒకడు కళ్ళముందే గిలగిల్లాడిపోవటం చూశాడు వాడు. రాజమండ్రిలో రైలెక్కినప్పట్నుంచి వాల్తేరు స్టేషన్లో దిగేదాకా అదే ధ్యాస. ఆసుపత్రిలో ఆ విభాగం చూసే డాక్టర్ భ్రమరాంబగారిని చూడగానే వాడి మొదటి ప్రశ్న: "షాకు కొట్టదాండీ?"

ఆవిడ నవ్వలేదు. "తీగలో పారే కరెంటు కాదు నాయనా. ఎక్సురే తీయించుకున్నావా ఎప్పుడైనా? అలాంటి కిరణమే, అంతకంటే చాలా బలమైంది. కంటికి కనపడదు, ఒంటికి తగిలినట్టుండదు. ఆ పుండులో పెరిగే కణాలని చంపుతుంది." తర్వాత వీరవేణి వైపు తిరిగింది. "అమ్మా, మీకొచ్చిన రకం ఉన్నచోటే తింటూపోతుంది గానీ మామూలుగా ఒళ్ళంతా పాకదు. అదే మీ అదృష్టం. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. మధ్యలో మానకూడదు. నాలుగో వారానికి చూడ్డానికి ఇంకా ఘోరంగా ఉంటుంది, అప్పుడు భయపడిపోయి రైలెక్కెయ్యకూడదు. నయమవుతుందని ప్రమాణం చెయ్యలేను. సగానికంటే ఎక్కువ ఆశ ఉందని మాత్రం చెప్పగలను."

సగానికంటే ఎక్కువ. పదేళ్ళుగా వీరవేణికి ఆశను ఇంత నిక్కచ్చిగా కొలిచి చెప్పినవాళ్ళు లేరు. ఉంటానంది.

కిరణం పుండు మీద తప్ప పక్కన పడకూడదు, కన్ను కాపాడాలి. అందుకని టెక్నీషియన్ ఉమామహేశ్వరరావుగారు తడి సున్నంలాంటి తెల్లపిండి ముద్ద ఆమె ముఖానికి పూసి అచ్చు తీశారు. ముక్కులో గొట్టాలు పెట్టి, పిండి గట్టిపడేదాకా ఆయన అరచేతులు ఆమె చెంపలకు ఆనించి కదలకుండా పట్టుకున్నారు. పిండి కింద వీరవేణి కళ్ళు మూసుకుని ఉంది. సువార్తమ్మా, కాకినాడ డాక్టర్లూ తప్ప నాలుగేళ్ళుగా ఎవరూ తాకని ముఖం అది. ఈ పరాయి మనిషి ఏమాత్రం వెనకాడకుండా రెండు చేతులతో పట్టుకున్నాడన్న సంగతే ఆమెకు వింతగా ఉంది. అచ్చు తీశాక ఆయన దాని మీద సీసపు రేకు పరిచి చిన్న సుత్తితో కొడుతూ ముఖం ఆకారానికి వంచారు. పుండున్నంత మేర కన్నం కోశారు.

"అంచు గరుకుగా ఉందండీ, చర్మానికి గీసుకుంటది," అంది వీరవేణి బల్ల పక్కన నిలబడి చూస్తూ.

"రేకు పనిలో మీకేం తెలుసమ్మా?"

"ఇరవై ఏళ్ళు రేకులే తీసేనండి, ఆత్రేయపురంలో."

ఆయన సుత్తి ఆపేశారు. "పూతరేకులా! ముందే చెప్పొద్దూ," అని ఆ అంచుకు మైనం పూసి నునుపు చేశారు.

బుల్లబ్బాయి దింపుల పనికి తిరిగిపోయాడు. వీరవేణికి తోడుగా సూరమ్మ ఉంది. ఇద్దరూ సత్రంలో దిగారు. రోజూ పొద్దున్న పదింటికి వంతు. బల్ల మీద పడుకోబెట్టి, సీసపు తొడుగు పెట్టి, యంత్రం మూతిని సరిచేసి అందరూ బయటికి వెళ్ళిపోయేవారు. లావాటి తలుపు మూసుకునేది. గదిలో ఒక్కతే. సన్నటి గుయ్యిమనే చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. మొదటిరోజు ఊపిరి బిగబట్టి ఎప్పుడు మండుతుందా అని చూసింది. మండలేదు. ఏమీ కాలేదు. కదలకుండా ఉండాలి గనక మనసులో కుండ ముందు కూర్చుని గుడ్డ ముంచేది, లాగేది, రేకు ఎత్తేది. పదిహేనో రేకు ఎత్తేసరికి తలుపు తెరుచుకునేది.

మూడో వారం దాటాక డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. చుట్టూ చర్మం కంది, ఒలిచినట్టయింది. పుండు ఎర్రగా రసి కారింది. ముక్కులోపల పొక్కిపోయింది. అన్నం నమిలితే చెంప లాగి ప్రాణం పోయేది. పదేళ్ళ మీద మొదటిసారి దానికి నొప్పి తెలిసింది. సబ్బు పెట్టొద్దు, నూనె రాయొద్దు, ఎండ తగలనీయొద్దు అన్నారు. సూరమ్మ గుక్కెడు గుక్కెడు గంజి పట్టేది.

అప్పుడొచ్చాడు బుల్లబ్బాయి, కొబ్బరుండలు పట్టుకుని. అక్క ముఖం చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు. "చంపేత్తన్నారక్కా నిన్ను! మన ఊళ్ళో ఇలా లేదే! పద, మధ్యాన్నం బండికి ఎల్లిపోదాం. సూరమ్మా, సర్దు."

సూరమ్మ వదిన ముఖంలోకి చూసింది. నిజానికి ఆమెకూ అదే అనిపిస్తోంది. రెండ్రోజులుగా పైకి అనలేక ఊరుకుంది.

వీరవేణి మాట్లాడటానికి దవడ కదలటం లేదు. కూడదీసుకుని మెల్లిగా అంది. "ఇలా కూర్చోరా. ఎంతసేపైంది నువ్వొచ్చి?"

"పావుగంటయ్యుంటది. ఏం?"

"ఈగ వాలిందా నా మొహం మీద?"

బుల్లబ్బాయి వంగి చూశాడు.

"ఊళ్ళో చేత్తో విసనకర్ర పట్టుకుని కూర్చునేదాన్ని కదరా. ఈగలు ముసిరేసేవి. కంపు నాకే తెలిసేది. నాలుగు రోజులనుంచి చూత్తన్నాను, ఒక్క ఈగ రాట్లేదు. తలగడ మీద రక్తం లేదు. లోపల ఏదో చస్తంది, అది నేను కాదు. మిగతా పన్నెండు సార్లూ పెట్టించుకునే వస్తాను. నువ్వెళ్ళి పనిచూసుకో."

ఆ మధ్యాహ్నం బండికి బుల్లబ్బాయి ఒక్కడే ఎక్కాడు.

ముప్ఫై సార్లూ అయ్యాయి. ఇంటికొచ్చాక కూడా నల్లటి మందపాటి చెక్కు రెండున్నర నెలలు అలాగే ఉంది. గిల్లొద్దన్నారు కనక గిల్లలేదు. ఆషాఢంలో ఒకనాడు ముఖం తడుపుకుంటుంటే దానంతటదే చేతిలోకి ఊడొచ్చింది. కింద వేలికి పచ్చి తగల్లేదు. పల్చటి, మెత్తటి చర్మం తగిలింది. సూరమ్మను కేకేసింది. సూరమ్మ చూసి ఆమె గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది, తర్వాత లోపలికి పరుగెత్తి వేరుపెట్టిన ఆ కంచం తెచ్చి తమ కంచాల దొంతిలో కలిపేసింది.

చూపించుకోవడానికి విశాఖ వెళ్ళినప్పుడు భ్రమరాంబగారు రెండు ఫోటోలు బల్ల మీద పెట్టారు. మొదటిది వైద్యానికి ముందు తీసింది. వీరవేణి దాన్ని చేతిలోకి తీసుకుని, "ఎవరండీ పాపం ఈవిడ?" అంది. అడిగిన మరుక్షణమే తెలిసింది ఎవరో. అన్నేళ్ళూ ఆ ముఖాన్ని ఇంట్లోవాళ్ళు చూశారు, తను చూడలేదు. ఆ ముఖానికి ఎదురుగా కూర్చుని సూరమ్మ మూడుపూటలా అన్నం పెట్టింది. ఫోటో తిరగేసి బల్ల మీద పెట్టి, పక్కన నిలబడ్డ మరదలి చెయ్యి పట్టుకుంది.

అంతా మునుపటిలా అయిపోలేదు. ముక్కుపుటానికి నొక్కు పడింది, చెంప మీద తెల్లటి మచ్చ మిగిలింది, గాలి వీస్తే ఎడమ కన్ను నీరు కారేది. మంట ముందు కూర్చోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ మాటకే ఆమె ఎక్కువ బాధపడింది. కుండ సూరమ్మకే వదిలి, తను పిండి రుబ్బటం, రేకుల్లో బెల్లంపొడీ నెయ్యీ వేసి మడవటం చూసుకునేది. అచ్చయమ్మగారు ఒకరోజు వచ్చి అరుగు మీద కూర్చుని, "నేను చేసిన పని మనసులో పెట్టుకోకమ్మా," అంది. "పెట్టుకోలేదండీ," అంది వీరవేణి. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అయినా ఆవిడకు తనే ఆకులో రెండు రేకులు పెట్టి ఇచ్చింది, ఆవిడ అక్కడే తింది. కొందరు మాత్రం ఎప్పటికీ ఆ ఇంటి రేకులు కొనలేదు.

సువార్తమ్మ ఊరూరా వీరవేణి సంగతి చెప్పేది. ఎనభై నాలుగులో ఒకరోజు ఆమెను వెంటబెట్టుకుని కొత్తపేట తీసుకెళ్ళింది. అక్కడ శరభయ్యగారని వేదం చెప్పుకునే పెద్దాయన ఎనిమిదేళ్ళుగా తలకు పంచె చుట్టుకుని గది దాటటం లేదు. చెవి వెనక మొదలైన పుండు కణతదాకా పాకింది. శిష్యులను మాన్పించేశారు. ఆపరేషనంటే ససేమిరా అన్నారు. భార్య సీతామహాలక్ష్మిగారు గుమ్మం పక్కన నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

"నా పూర్వజన్మ కర్మ అమ్మా ఇది, అనుభవించాలి," అన్నారు శరభయ్యగారు గోడవైపు తిరిగి.

వీరవేణి గుమ్మంలోనే నేల మీద కూర్చుంది. "నేనూ అలాగే అనుకున్నానండీ బాబుగారూ. పదేళ్ళు అనుభవించేను. మీరు మీది చూపించక్కర్లేదు. నాది చూడండి." కొంగు పూర్తిగా వెనక్కి తీసి, ఎడమ చెంప వెలుతురుకు తిప్పింది.

ఆయన మెల్లిగా ఇటు తిరిగారు. కళ్ళజోడు తెమ్మని భార్యను అడిగారు. పెట్టుకుని దగ్గరగా వంగి చూశారు. "కత్తి పెట్టలేదా?"

"పెట్టలేదండి."

"నొప్పా?"

"నాలుగో వారం చాలా నొప్పండీ. అబద్ధమాడను."

ఆయన తలకు చుట్టుకున్న పంచె తనే విప్పారు.

విశాఖలో ఆ ఆరు వారాలూ వీరవేణి సత్రంలోనే ఉండి, రోజూ ఆ లావాటి తలుపు బయట బెంచీ మీద సీతామహాలక్ష్మిగారి పక్కన కూర్చుంది. శరభయ్యగారి చెవి పైభాగం పోయింది, పుండు మానింది. మరుసటేడు నలుగురు పిల్లలకు మళ్ళీ పాఠం మొదలుపెట్టారు.

అందరికీ అలా జరగలేదు. కాలు కాలిన పాత మచ్చ మీద పుండు లేచిన వెంకటరమణ అనే దింపు కార్మికుణ్ణి ఆమే తీసుకెళ్ళింది. అప్పటికే గజ్జల్లో గడ్డలు కట్టాయి. కరెంటు పెడితే పుండు తగ్గింది గానీ మనిషి దక్కలేదు. వాళ్ళింటికి పరామర్శకు వెళ్ళి వచ్చాక బుల్లబ్బాయితో, "ఇంకో ఏడాది ముందు తెలిసుంటేనా," అని మాత్రం అంది. ఆ తర్వాత నుంచి ఎవరైనా కబురు చేస్తారని ఆగటం మానేసింది. పి.గన్నవరం సంతలోగానీ, రావులపాలెం బస్టాండులోగానీ మానని పుండుతో మనిషి కనిపిస్తే తనే వెళ్ళి పలకరించేది. కొందరు కసురుకునేవారు. కొందరు పేరూ ఊరూ చెప్పేవారు.

ఎనభై తొమ్మిదిలో, పదేళ్ళు నిండాక, భ్రమరాంబగారు ఆమె చెంపను వేళ్ళతో తడిమి చూసి చీటీ మడిచేశారు. "ఇంక మీరు రానక్కర్లేదు వీరవేణిగారూ. ఇంత దూరం ఈ వయసులో ఎందుకు శ్రమ?"

"నా కోసం రాలేదండీ ఇవాళ," అంది వీరవేణి. వెనక్కి తిరిగి, తలుపు దగ్గర బిడియంగా నిలబడిపోయిన ఒక ముసలావిడను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. "ఈవిడ వీరాయమ్మగారండి, రాజోలు. ముక్కు మీద. రెండేళ్ళే అయిందంట, కాస్త చూడండి."